గంజి గరాటా

ఆర్మూర్
డిసెంబర్ 4

సువార్తా,

నీ ఉత్తరం అందింది. చెవులు పూర్తిగా మూతపడ్డాయని, చెవిలో మిషన్ పెట్టుకున్నా ఫోన్‌లో గరగర తప్ప ఏమీ వినబడటం లేదని రాశావు. చదివి బాధపడ్డాను, ఒక అర నిమిషం. తర్వాత సంతోషించాను. ఇకనుంచి నా మాటకు నువ్వు మధ్యలో అడ్డం రాలేవు కదా! వాట్సాప్‌లో రాయమన్నావు. ఆ చిన్న అక్షరాలు నా బొటనవేలికి దొరకవు తల్లీ. ఉత్తరమే రాస్తాను, విశాఖపట్నం చేరడానికి ఐదారు రోజులు పడితే పడనీ.

ఇక్కడ పసుపు చేన్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఆకు ఎండి, తవ్వకాలు మొదలయ్యేసరికి సంక్రాంతి దాటుతుంది. ఇప్పుడు వచ్చేదంతా పాత సరుకు. అయినా రోజూ పొద్దున దుకాణం తెరిచి కాంటా చూసుకోవడం మానలేదు. మా ఆయన పోయి పన్నెండేళ్ళయినా ఆయన పెట్టిన పద్ధతి తప్పలేదు. ముద్ర ఉన్న తూకం రాళ్ళు ఎత్తి కాంటా మీద పెట్టాలి, కాంటా సరిగ్గా చూపిస్తేనే రైతు సంచీ ఎక్కాలి. "కాంటా తప్పు జూపిస్తే దేవుడు గూడ తప్పు సదువుతడమ్మా" అని మన లింగన్న రోజూ అంటాడు. నీకు గుర్తున్నాడు కదా, మోర్తాడ్ నుంచి వచ్చి మా దగ్గర హమాలీగా చేరినవాడు. ఇప్పుడు వాడికీ అరవై దాటింది, సంచులు మోయడం మాని నామీద పెత్తనం చేస్తున్నాడు.

వాడి కొడుకు దుబాయ్ నుంచి వచ్చి నాకు చక్కెర చూసుకునే మిషన్ ఒకటి, నెత్తురు చుక్క వేసే పట్టీల డబ్బాలు నాలుగు తెచ్చి ఇచ్చాడు. "గల్ఫ్ సామాను పెద్దమ్మా, ఇక్కడ దొరకది" అన్నాడు. దానితోనే చూసుకుంటున్నాను. ఈ నెల అంకె కాస్త ఎక్కువ చూపిస్తోంది. ఫికర్ ఏమీ లేదు. మా తమ్ముడి కూతురు అనూహ్య ఇక్కడి బ్యాంకులో చేరి నా దగ్గరే ఉంటోంది, నా పళ్ళెంలో అన్నం కొలిచి పెడుతోంది. ఆకలికి తట్టుకోలేక నీకు ఉత్తరం రాస్తున్నానని అనుకో.

ఒక మాట అడుగుతాను, నవ్వకు. ఎనిమిదో తరగతిలో నువ్వు పెట్టిన గంజి గరాటా గుర్తుందా? మొన్నటి నుంచి అదే కళ్ళ ముందు కదులుతోంది. ఎందుకో చెప్పలేను. గుర్తున్నదంతా రాయి.

నీ
రాధాబాయి


విశాఖపట్నం
డిసెంబర్ 15

రాధా,

ఇన్నేళ్ళ తర్వాత గంజి గరాటా గురించి అడిగితే నవ్వక ఏం చేయమంటావు? నా కూతురు స్నేహలత వచ్చి ఏమైందని సైగ చేసింది. చదివి వినిపించాను. నేను ఎంత గట్టిగా చదివానో నాకు తెలియదు కదా, పక్క ఫ్లాట్ వాళ్ళు కూడా విన్నారట.

మరిచిపోయే సంగతా అది? దినకర్ సార్ నల్లబల్ల మీద గరాటా బొమ్మ గీసి, "పొర నీళ్ళను రానిస్తుంది, చక్కెరను అంత తేలిగ్గా పోనివ్వదు. అందుకని లోపలి చక్కెర బయటి నీళ్ళను గుంజుకుంటుంది" అన్నారు. అప్పటికి నాకు అది మాయలాగే అనిపించింది. గరాటా మూతికి మేక మూత్రం తిత్తి కట్టి, లోపల చక్కెర నీళ్ళు పోసి, నీళ్ళ గిన్నెలో బోర్లించాలి. గరాటా కాడలో నీళ్ళు ఎక్కుతూ ఉంటాయి. ఎవరిది ఎక్కువ ఎక్కితే వాళ్ళను నిజామాబాద్ సైన్స్ ప్రదర్శనకు తీసుకుపోతానన్నారు.

తిత్తి మా అమ్మ ఎస్తేరమ్మ కటికె దుకాణంలో అడిగి తెచ్చింది. నువ్వు దాన్ని చూసి ముక్కు మూసుకుని బెంచీ ఎక్కావు. "నేను ముట్ట, మా నాయనమ్మ నన్ను ఇంట్లకు రానియ్యది" అన్నావు. రెండు గరాటాలకూ నేనే కట్టాను. నువ్వు డబ్బా నిండా చక్కెర తెచ్చావు. మా ఇంట్లో ఆ నెల కంట్రోల్ దుకాణం చక్కెర ఎప్పుడో అయిపోయింది. అమ్మ పొద్దున్నే పసుపు ఉడకబెట్టే పనికి పోతూ, అన్నం వంచిన గంజి చెంబులో పోసి ఇచ్చింది. "గిది గూడ సక్కెర తల్లే బిడ్డా, నమిలితే తియ్యగైతది" అంది. ఆమెకు చదువు లేదు. నేను ల్యాబులో చేరాక అర్థమైంది, ఆమె చెప్పింది అక్షరాలా నిజమని. గంజి అంటే చక్కెర గింజలు వేలకు వేలు గొలుసుకట్టుగా చేరినదే.

శనివారం సాయంత్రం చివరి గంట కొట్టేసరికి నీ కాడలో నీళ్ళు జానెడు ఎక్కాయి. నావి రెండు వేళ్ళు. సార్ నీకు సిరా పెన్ను బహుమతిగా ఇచ్చారు. సోమవారం వచ్చి చూస్తే రెండు గరాటాలూ కడిగి కిటికీలో బోర్లించి ఉన్నాయి. "ఊడ్చే ఆమె కడిగేసింది" అన్నావు నువ్వు. తర్వాత నువ్వు బస్సెక్కి నిజామాబాద్ పోయావు, నేను అమ్మతో పసుపు రాశి దగ్గరికి పోయాను. ఇదీ నా జ్ఞాపకం.

ఇక అసలు సంగతి. అంకె ఎక్కువ చూపిస్తోందని రాసి, ఎంతో రాయలేదు. ముప్పై ఏళ్ళు ఆసుపత్రి ల్యాబులో రక్తాలు చూసినదాన్ని, నా దగ్గర దాచకు. ఎంత ఉంది? ఏ మందు మారింది? ఏది కొత్తగా మొదలుపెట్టారు? మా ఆయన దయాకర్‌కు డయాలసిస్ జరిగిన రెండేళ్ళు నేను రోజూ అంకెలే చదివాను. ఆయన పోయి రెండేళ్ళయినా ఎవరి రిపోర్టు చూసినా రెండుసార్లు చదువుతాను. నీదైనా సరిగ్గా ఉందని విననీ.

సువార్త


ఆర్మూర్
జనవరి 18

సువార్తా,

తవ్వకాలు మొదలయ్యాయి. కమ్మర్‌పల్లి దారిలో పోతే చేను చేనుకూ ఆవిరి లేస్తోంది, పసుపు ఉడికే ఆ వాసన బస్సు లోపలికి కూడా వస్తోంది. ఇప్పుడు పెద్ద పెద్ద ఇనుప డ్రమ్ముల్లో ఆవిరి పట్టిస్తున్నారు. మీ అమ్మ బాణలి ముందు నిలబడి, పుల్లతో కొమ్మును గుచ్చి చూసి "అయ్యింది, దించుండ్రి" అనేది కదా. ఆమె దించమన్న తర్వాత ఇంకొక్క పుల్ల కూడా పొయ్యిలో పెట్టేవాళ్ళు కాదు. ఆ కొమ్ములు ఎండాక విరిస్తే టంగుమనేవి. నీకు ఇప్పుడు ఆ చప్పుడు కూడా వినబడదు కదా అనుకుని నిన్న దుకాణంలో ఒక కొమ్ము విరిచి, కూర్చుని ఏడ్చాను. ఎందుకు అంత ఏడుపు వచ్చిందో తెలియదు. ఈ మధ్య ఊరికే కళ్ళ వెంట నీళ్ళు వస్తున్నాయి.

అంకె అడిగావు. పరగడుపున రెండు వందల ఎనభై, ఒక్కోసారి మూడు వందలు. అన్నం మానేశాను, రెండు పుల్కాలతో సరి. అంకె దిగనందుకు ఇన్సులిన్ నేనే కాస్త పెంచుకున్నాను. అయినా అది మొండిది, నీలాగే. పొద్దున పదింటికి మార్కెట్ యార్డులో నిలబడితే చెమటలు, చేతుల వణుకు, కళ్ళ ముందు చీకటి. మొన్న సంచుల మీద కూలబడ్డాను. లింగన్న నీళ్ళు తాగించాడు. ఎండ అనుకున్నాం. జనవరిలో ఎండేమిటి అని అనూహ్య కొట్లాడుతోంది. దవాఖానకు పోదామంటుంది, సీజన్ మొదట్లో దుకాణం వదిలి ఎట్లా పోతాను?

నీ గంజి సంగతే ఇంకా ఆలోచిస్తున్నాను. చక్కెర అంత తొందరగా నీళ్ళను గుంజుకుంది కదా, గంజి ఎందుకు అంత నిదానం? గంజి ముక్కలు పొర దాటి పోవా? ఒకవేళ ఆ పొర మనిషి ఒంట్లోదే అయితే, లోపల మక్కల గంజిలాంటిది, మీ వైపు మొక్కజొన్న అంటారే, అది పోస్తే, కొంచెం కొంచెం రక్తంలోకి పోతుందా? పోతే అది ఏమవుతుంది? ఊరికే అడుగుతున్నాను. నువ్వు చెబితే అర్థమవుతుంది, ఇక్కడ నర్సమ్మ చెబితే సగమే అర్థమైంది.

కొత్తగా ఏ మందూ లేదు. నువ్వు నిశ్చింతగా ఉండు.

రాధాబాయి


విశాఖపట్నం
జనవరి 24, పొద్దున పదకొండు

రాధా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. ఇది నీకు చేరేసరికి వారం అవుతుంది, అందుకే ముందు స్నేహలతతో అనూహ్యకు ఫోన్ చేయించాను. ఎత్తలేదు. మెసేజ్ పెట్టించాను. "మీ అత్తమ్మకు ఇన్సులిన్ ఇవ్వొద్దు. వణుకు, చెమట ఉంటే మిషన్‌లో అంకె ఎంత చూపించినా నమ్మొద్దు, వెంటనే గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి తాగించు. దవాఖానకు తీసుకుపోయి రక్తం ల్యాబులో చూపించు. పొట్ట డయాలసిస్ సంగతి అక్కడ చెప్పు" అని. స్నేహ పక్కన కూర్చుని ఫోన్ చేస్తూనే ఉంది. నాకు చేతులు ఆగడం లేదు, అందుకని రాస్తున్నాను.

ఎట్లా తెలిసిందా? మూడు వందలు ఉన్న మనిషికి ఆ చెమట, ఆ వణుకు రావు. అది చక్కెర పడిపోయిన మనిషి లక్షణం. మిషన్ ఎక్కువ అంటోంది, ఒళ్ళు తక్కువ అంటోంది. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు. ఎవరా అని ఆలోచిస్తుంటే నీ మక్కల గంజి కనబడింది. మనిషి ఒంట్లో పొర, లోపల మక్కల గంజి, నర్సమ్మ. ఊరికే అడుగుతోందట!

నీ కిడ్నీలు పోయాయి. నీ పొట్టకు గొట్టం పెట్టారు. సంచీలో మందు నీళ్ళు పొట్టలోకి పోసి, కొన్ని గంటలు ఉంచి, చెడు నీళ్ళతో కలిపి తీసేస్తున్నారు. పొట్ట లోపలి పొరే నీ మేక తిత్తి. మామూలు చక్కెర నీళ్ళ సంచీ తొందరగా నీళ్ళు గుంజుతుంది, కానీ ఆ చక్కెర చిన్నది, పొర దాటి నెత్తుట్లోకి జారుకుంటుంది, నాలుగైదు గంటల్లో గుంజే బలం పోతుంది. అందుకే ఎక్కువ సేపు ఉంచే సంచీలో ఐకోడెక్స్‌ట్రిన్ అని పెద్ద చక్కెర పోస్తారు. మక్క పిండిలోంచి తీసేదే. నిదానంగా గుంజుతుంది, పన్నెండు గంటలైనా అలిసిపోదు. అందులోంచి కొంచెం ఒంట్లోకి చేరి విరిగి మాల్టోజ్ అనే చిన్న చక్కెర అవుతుంది. కొన్ని రకాల పట్టీలకు ఆ మాల్టోజ్‌కూ అసలు గ్లూకోజ్‌కూ తేడా తెలియదు. రెండూ కలిపి అంకె చూపిస్తాయి. ఆ దుబాయ్ పట్టీలు ఆ రకమే అయి ఉంటాయి. నీ రక్తంలో చక్కెర లేదు రాధా. లేని చక్కెరను చంపడానికి నువ్వు రోజూ ఇన్సులిన్ పొడుచుకుంటున్నావు.

దయాకర్ దగ్గర మూడు నెలలు నాతో పాటు కూర్చున్నావు. ఆసుపత్రి బెంచీ మీద నాకు అన్నం కలిపి పెట్టావు. నీకు వచ్చినప్పుడు నన్ను పక్కన కూర్చోనివ్వలేదు. ఎందుకని ఇప్పుడు అడగను. బతికి ఉన్నావని ముందు తెలియనీ.

స్నేహ ఇంకా ఫోన్ చేస్తోంది.

సువార్త


ఆర్మూర్
జనవరి 27

సువార్త అత్తమ్మకు అనూహ్య నమస్కారాలు.

స్నేహక్కతో ఆ రోజే ఫోన్‌లో చెప్పాను, అత్తమ్మ క్షేమంగా ఉందని. అయినా "గామెకు కాయితం మీద రాస్తెనే నమ్మకం" అని అత్తమ్మ పడక మీద నుంచి నన్ను తరుముతోంది, అందుకని రాస్తున్నాను.

ఆ రోజు బ్యాంకులో నా ఫోన్ లోపల పెట్టి ఉంది. పదకొండున్నరకు చూస్తే పధ్నాలుగు మిస్డ్ కాల్స్, మీ మెసేజ్. స్కూటీ తీసుకుని దుకాణానికి పరుగెత్తాను. అత్తమ్మ సంచుల మధ్య గోడకు ఒరిగి ఉంది, చీర తడిసిపోయింది. నన్ను చూసి "ఎస్తేరమ్మా, కొమ్ములు దించినవా?" అని అడిగింది. లింగన్న తాత విసనకర్రతో విసురుతూ ఏడుస్తున్నాడు. మిషన్ పక్కనే ఉంది, అప్పుడే చూశాడట, రెండు వందల తొంభై ఆరు.

నేను గ్లూకోజ్ పొడి కలుపుతుంటే తాత నా చెయ్యి పట్టుకున్నాడు. "సక్కెర ఎక్కువున్నోళ్ళకు సక్కెర వోస్తరా బిడ్డా? పాణం తీస్తవా?" అన్నాడు. నాకూ కళ్ళ ముందు అంకె కనబడుతోంది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. తర్వాత మీ మెసేజ్ తాతకు చదివి వినిపించాను. "గా పసుపు ఉడకవెట్టే ఎస్తేరమ్మ బిడ్డనా చెప్పింది?" అని అడిగాడు. అవునన్నాను. చెయ్యి వదిలాడు. గుటక వేయగలుగుతోంది కాబట్టి కొంచెం కొంచెంగా నేనే తాగించాను.

కాసేపటికి చూపు కుదురుకుంది, నన్ను గుర్తుపట్టింది. దవాఖానలో రక్తం ల్యాబుకు పంపితే, గ్లూకోజ్ తాగిన తర్వాత కూడా యాభై నాలుగు వచ్చింది. అదే రక్తం దుబాయ్ మిషన్‌లో మూడు వందలు దాటింది. ఇంకో గంట ఆగి ఉంటే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టర్ అన్నాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. డయాలసిస్ నర్సు నవంబర్‌లోనే వేరే మిషన్ ఇచ్చి, "గీ సంచీ వాడినన్ని రోజులు గిదొక్కదాంతోనే చూసుకోవాలె అమ్మా" అని చెప్పిందట. అది డబ్బా విప్పకుండా బీరువాలో ఉంది. దుబాయ్ మిషన్ వాడకపోతే లింగన్న తాత మనసు నొచ్చుకుంటుందని అత్తమ్మ దాన్ని లోపల పెట్టింది. డయాలసిస్ సంగతి మీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు నేను తీసి గట్టున పెట్టాల్సింది, క్షమించండి.

అనూహ్య


ఆర్మూర్
ఫిబ్రవరి 9

సువార్తా,

కూర్చుని రాస్తున్నాను. అన్నం తింటున్నాను. బీరువాలో మిషన్ బయటికి వచ్చింది. దుబాయ్ మిషన్ లింగన్నే తీసి దాచేశాడు, నాలుగు రోజులు నా మొహం చూడలేదు. "నా కొడుకు తెచ్చిన సామాను నీ పాణం మీదికి తెచ్చె" అని ఒకటే ఏడుపు. సామాను తప్పు కాదు, చెప్పింది వినని నాది తప్పు అన్నాను. ప్రతిరోజూ రాళ్ళు పెట్టి కాంటా సరిచూసుకునేదాన్ని, నా ప్రాణం తూచే కాంటాను ఒక్కసారీ సరిచూసుకోలేదు.

నీకు ఎందుకు చెప్పలేదంటే, దయాకర్ పోయిన రోజు నువ్వు "ఇంకొక్కసారి డయాలసిస్ అన్న మాట వింటే నేను బతకనే" అన్నావు. ఆ మాట నేను ఎట్లా అనను నీతో? సెప్టెంబర్‌లో గొట్టం పెట్టారు. పొట్టలో నీళ్ళు పోస్తే రెండు లీటర్ల బరువుతో బిందె మోస్తున్నట్టు ఉంటుంది. మొదట్లో భయపడ్డాను. నవంబర్‌లో కొత్త సంచీ ఇచ్చి నర్సమ్మ అంది, "గిది గంజిలెక్క పెద్ద సక్కెరమ్మా, జల్దీ గుంజది గని దిగిపోదు." ఆ మాట వినగానే నీ చెంబులో గంజి గుర్తొచ్చింది. అందుకే నీకు గరాటా గురించి రాశాను. ఇప్పుడు రెండో సంగతి చెబుతాను, ఇది మొదటిదాని కంటే కష్టం.

గరాటాలు కడిగింది ఊడ్చే ఆమె కాదు. నేను.

సోమవారం తాళం చెవి నా దగ్గర ఉంది, నేను క్లాసు లీడర్‌ను కదా. అందరికంటే ముందు పోయి తలుపు తీశాను. నా కాడలో నీళ్ళు దిగిపోయి రెండు వేళ్ళే మిగిలాయి. నీ గంజి జానెడు దాటి నిలబడి ఉంది. పులిసిన వాసన, పైన నురగ. అట్లాగే చూస్తూ నిలబడ్డాను. సార్ చూస్తే నిన్ను తీసుకుపోతారు. నేను పోతున్నానని మా నాన్న అప్పటికే ఊరంతా చెప్పుకున్నాడు. రెండూ పారబోసి, కడిగి, కిటికీలో బోర్లించాను. మేక తిత్తిని ముట్టనన్నదాన్ని, ఆ రోజు రెండు తిత్తులూ వట్టి చేతులతో విప్పాను.

నిజామాబాద్‌లో ఏం జరిగిందో కూడా నీకు చెప్పలేదు. ప్రదర్శన రెండు రోజులు. మొదటి రోజు నా కాడలో నీళ్ళు నిటారుగా ఎక్కాయి, ఎవరూ రాలేదు. రెండో రోజు పొద్దున న్యాయనిర్ణేతలు వచ్చేసరికి మళ్ళీ దిగిపోయాయి. ఒకాయన వంగి చూసి నవ్వి పోయాడు. అక్కడ నీ గంజి ఉంటే గెలిచేది. నాకు తెలుసు, ఆ రోజూ తెలుసు.

ఇన్నేళ్ళూ నీకు ఎన్నిసార్లు చెప్పబోయానో. పెళ్ళప్పుడు, మీ అమ్మ పోయినప్పుడు, ఆసుపత్రి బెంచీ మీద. ఇప్పుడు నీ గంజే నా పొట్టలో ఉండి నన్ను బతికిస్తోంది, దాన్నే దాచిపెట్టి చావబోయాను. ఇంక దాచలేను. ఆ సిరా పెన్ను ఒక్కసారి కూడా వాడలేదు. రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. నీదే అది.

రాధాబాయి


విశాఖపట్నం
ఫిబ్రవరి 20

రాధా,

పెన్ను వచ్చింది. రెండు రోజులు డబ్బా విప్పలేదు. స్నేహ అడిగితే కసిరాను.

కోపం వచ్చింది. రాలేదని రాస్తే నేనూ నీలాగే దాచినదాన్ని అవుతాను. పెన్ను కోసం కాదు. ఆ బస్సు కోసం. అప్పటికి నేను ఆర్మూర్ దాటి ఎటూ పోలేదు. నువ్వు కొత్త పరికిణీలో కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపావు, నేనూ ఊపాను. ఇంటికి పోయి అమ్మకు చెబితే, ఆమె చేతుల పసుపు కడుక్కుంటూ "మనింటి గంజి గంతే తియ్ బిడ్డా" అంది. ఆ మాటతో ఎన్ని ఏళ్ళు బతికానో నీకు తెలియదు. నర్సింగులో సీటు వచ్చినా చేరడానికి భయం, ల్యాబులో పెద్ద పని ఇస్తే చేయలేనేమోనని భయం. మనింటి గంజి అంతే కదా అని. అమ్మ పోయింది. ఆమె గంజి జానెడు దాటిందని ఆమెకు ఎవరు చెబుతారు ఇప్పుడు?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి చదువుతుంటే ఇంకో సంగతి తట్టింది. ఆ గరాటా నీ మనసులో ఇన్నేళ్ళు గుచ్చుకుని ఉండకపోతే, నర్సమ్మ గంజి అనగానే నీకు నేను గుర్తొచ్చేదాన్ని కాదు. నువ్వు అడిగేదానివి కాదు. నాకు తెలిసేది కాదు. జనవరిలోనే నువ్వు పోయేదానివి, ఎండ దెబ్బ అనుకునేవాళ్ళు. నువ్వు చేసిన తప్పే నిన్ను బతికించింది. క్షమించానని రాయను. ఇంకా పూర్తిగా కాలేదు. సంతోషంగా ఉందని మాత్రం రాస్తాను, నువ్వు ఉన్నందుకు.

ఇన్నేళ్ళు వాడకపోయేసరికి పాళీ బిగుసుకుపోయింది. గోరువెచ్చని నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టాను. ఈ ఉత్తరం దానితోనే రాస్తున్నాను, మరకలు చూసి ఏడ్చాననుకోకు. కొన్ని సిరావే.

సువార్త


ఆర్మూర్
మార్చి 3

సువార్తా,

మరకలు లెక్కపెట్టాను. సిరావి తక్కువే.

యార్డు నిండా కొత్త పసుపు. లింగన్న రాశుల మధ్య తిరుగుతూ అందరికీ చెబుతున్నాడు, "గీ అమ్మను బతికించింది మన ఎస్తేరమ్మ గంజి" అని. ఎవరికీ అర్థం కాదు, అయినా తలలు ఊపుతున్నారు. నా డాక్టర్ ఇన్సులిన్ సగానికి తగ్గించాడు. పొద్దున సంచీ మార్చుకుంటూ, వచ్చిన నీళ్ళు కొలిచి చూస్తే ఎప్పుడూ పోసినదాని కంటే అరలీటరు ఎక్కువే ఉంటున్నాయి. ప్రతిసారీ ఆ కొలత చూసి మీ అమ్మకు దండం పెట్టుకుంటున్నాను.

నిజామాబాద్ నుంచి అనూహ్య రెండు గాజు గరాటాలు తెచ్చింది. తిత్తులు తెస్తానని లింగన్న ఒప్పుకున్నాడు. పదిహేనో తారీకు శనివారం సాయంత్రం, దుకాణం వెనక గదిలో పెడతాను. ఒకదాంట్లో చక్కెర, ఒకదాంట్లో గంజి. ఈసారి తిత్తులు రెండూ నేనే కడతాను. సోమవారం దాకా తలుపు తీయను. నువ్వు వస్తావా? రమ్మనే ముఖం నాకు లేదు. రైల్వే స్టేషన్‌కు అనూహ్య వస్తుంది. నీకు నా మాట వినబడకపోయినా పరవాలేదు, నా దగ్గర కాగితాలు చాలా ఉన్నాయి.

రాధాబాయి


విశాఖపట్నం
మార్చి 9

రాధా,

టికెట్ తీశాను. పదహారున బయలుదేరి, పదిహేడో తారీకు సోమవారం పొద్దున నిజామాబాద్‌లో దిగుతాను. అనూహ్యను స్టేషన్‌కు పంపకు. ఆర్మూర్‌కు బస్సులోనే వస్తాను, కిటికీ పక్కన కూర్చుని.

గంజి చిక్కగా వంచు, చల్లారాకే గరాటాలో పోయాలి. తిత్తికి దారం రెండు చుట్లు కాదు, నాలుగు చుట్టాలి. లింగన్నను ఒక ఎండు కొమ్ము తీసి పెట్టమను, విరిచి నా అరచేతిలో పెట్టు. చప్పుడు వినబడకపోయినా ఆ అదురు తెలుస్తుంది కదా.

గది తాళం చెవి మాత్రం లింగన్న దగ్గర ఉంచు. నేను వచ్చేదాకా తలుపు తీయకు. ఏదీ కడగకు.

సువార్త